సగం రిపోర్టు సబ్జెక్ట్ లైన్‌లోనే

"ఒక చిన్న రిపోర్టు రాసి పంపు" అనేసి మేనేజరు వెళ్లిపోతారు. ఆ చిన్నదానికి ఫారం ఉండదు, అట్ట ఉండదు, విషయసూచిక ఉండదు. ఒకటి నుంచి మూడు పేజీల ఈమెయిలో, మెమోనో. ఫారం లేదు కాబట్టే ఏది ముందు రాయాలో తోచదు. ఈసారి బెంగళూరు పాఠకులు పంపిన ప్రశ్నలు చాలావరకు ఇక్కడే చిక్కుకున్నాయి.

ప్రశ్న: పీణ్యలో ఒక మెషిన్ షాపులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. పీసులు రిజెక్ట్ అయినప్పుడల్లా రిపోర్టు అడుగుతారు. షిఫ్ట్ మొదలైన దగ్గర్నుంచి జరిగిందంతా వరసగా రాస్తాను. సార్ సగం చదివి ఫోన్ చేసి "ఇంతకీ ఏమైందయ్యా?" అంటారు. లోపం ఎక్కడుంది?

జవాబు: ఆ వరసలోనే ఉంది. మీ సార్‌కు ఆ క్షణంలో కావలసినవి మూడే: ఎన్ని పోయాయి, డిస్పాచ్ ఆగుతుందా, తను ఏం చేయాలి. మీరు రాసినదాంట్లో ఆ మూడూ ఆఖరి పేరాలో ఉంటాయి. వాటిని పైకి తెచ్చి, షిఫ్ట్ కథను కిందికి దించండి. ఒక నమూనా చూడండి. అంకెలు మేం కల్పించినవే. సీఎన్‌సీ అంటే కంప్యూటర్‌తో నడిచే మెషిన్, క్యూసీ అంటే నాణ్యత చూసే విభాగం, ఇన్సర్ట్ అంటే మెషిన్‌లో లోహాన్ని కోసే మొన. ఇంగ్లిష్‌లో రాసినా వరస ఇదే.

*సబ్జెక్ట్: సీఎన్‌సీ-3: 32 షాఫ్టులు ఓవర్‌సైజ్, రాత్రి 10-12 గ్రైండర్ కావాలి*

*ఈరోజు బి షిఫ్ట్‌లో 25 ఎంఎం షాఫ్టులు 32 ఓవర్‌సైజ్ వచ్చాయి. గ్రైండింగ్ చేస్తే అన్నీ సైజుకు వస్తాయి, స్క్రాప్ లేదు. రాత్రి 10 నుంచి 12 వరకు గ్రైండర్ ఇస్తే రేపు ఉదయం 11 గంటల డిస్పాచ్‌కు 200 పూర్తవుతాయి. మీ అనుమతి రాత్రి 8 లోపు కావాలి.*

*డ్రాయింగ్ సైజు 24.98 నుంచి 25.00. వచ్చింది 25.01 నుంచి 25.04. సరిగా ఉన్నట్టు చివరగా కొలిచింది 140వ పీసు, సాయంత్రం 4:10కి. 160, 180 పీసుల దగ్గర కొలత నమోదు కాలేదు. 6:40కి 190వ పీసును క్యూసీ కొలిచినప్పుడు తేడా బయటపడింది. మెషిన్ ఆపి, 141 నుంచి 190 వరకు 50 పీసులు పక్కన పెట్టి అన్నీ కొలిచాం. 18 సరిగా ఉన్నాయి.*

*ఇన్సర్ట్ మార్చాల్సింది 150 పీసులకు. 190 దాకా అదే నడిచింది. ఇప్పుడు కొత్తది వేశాం. మిగిలిన 10 పీసులు దాంతోనే నడుస్తున్నాయి, ప్రతి పీసునూ కొలుస్తున్నాం.*

అంతే. సబ్జెక్ట్ లైన్ ఒక్కటి చదివినా సార్ "సరే" అని జవాబు పంపగలరు. చాలామంది సబ్జెక్ట్‌లో "రిజెక్షన్ రిపోర్ట్" అని రాసి వదిలేస్తారు. అలాంటివి పెట్టెలో నలభై పడి ఉంటాయి, ఏది ఏదో తెలీదు.

రెండు సంగతులు గమనించండి. పక్కన పెట్టిన పీసులు 141 నుంచి మొదలయ్యాయి, 190 నుంచి కాదు. అనుమానం మొదలయ్యేది తప్పు బయటపడిన చోట కాదు, ఒప్పు అని చివరిసారి తేలిన చోట. ఈ హద్దు రాయకపోతే మేనేజరు ముందు అడిగేది "మిగతావి బాగున్నాయని ఎలా చెప్తావ్?" అనే. ఇక రెండోది: "కొన్ని పీసులు కొంచెం పెద్దగా వచ్చాయి" అన్న మాట ఎక్కడా లేదు. "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కొంచెం సర్దుకోండి) అనేది ఇక్కడ బస్సు సీటు దగ్గర చెల్లుతుంది, మైక్రోమీటర్ దగ్గర చెల్లదు. ఓవర్‌సైజ్ అయితే మళ్లీ అరగదీయొచ్చు, అండర్‌సైజ్ అయితే స్క్రాప్ కిందికే. కాబట్టి ఎటువైపు, ఎంత అన్నది రాయకుండా "సైజు తేడా" అంటే ఏమీ చెప్పనట్టే.

ప్రశ్న: జిగణిలో స్టోర్స్ ఇన్‌చార్జిని. ఒక కుర్రాడు ఎంట్రీ చేయడం మర్చిపోయి స్టాక్ తేడా వచ్చింది. రిపోర్టులో అతని పేరు రాయాలా? రాస్తే పాపం ఉద్యోగం మీదికొస్తుంది, రాయకపోతే నా మీదికి.

జవాబు: జరిగిన పని రాయండి, మనిషి స్వభావం రాయకండి. "నిర్లక్ష్యంగా వదిలేశాడు" అన్నది మీ తీర్పు. "12వ తేదీ సాయంత్రం వచ్చిన 4 పెట్టెలకు ఇన్‌వర్డ్ ఎంట్రీ లేదు, ఆ షిఫ్ట్‌లో కౌంటర్ దగ్గర ఒక్కరే డ్యూటీ" అన్నది వాస్తవం. ఆ పూట ఎవరు డ్యూటీనో రోస్టర్ చెబుతుంది. అడిగితే చూపించండి, దాచొద్దు. ముందే పేరు పెట్టి రాస్తే, చదివేవాళ్లు పేరు దగ్గరే ఆగిపోతారు. ఇద్దరుండాల్సిన చోట ఒక్కరే ఎందుకున్నారు అన్న అసలు ప్రశ్న అడిగేవాళ్లుండరు, వచ్చే నెల ఇంకొకరు అదే మర్చిపోతారు.

మరో మాట. "ఎంట్రీ చేయబడలేదు" అని రాస్తే మర్యాదగా ఉంటుందని కొందరి నమ్మకం. అందులో ఏదో కప్పిపెట్టిన వాసనే ఎక్కువ వస్తుంది. "బి షిఫ్ట్ కౌంటర్‌లో ఎంట్రీ జరగలేదు" అని చోటు చెప్పండి, సరిపోతుంది.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో సపోర్ట్ టీమ్‌లో ఉన్నాను. క్లయింటు న్యూయార్క్‌లో. రాత్రి సర్వర్ ఆగితే పొద్దున్నే ఇన్సిడెంట్ రిపోర్టు ఇవ్వాలి. టైములు, తేదీల దగ్గర ప్రతిసారీ గొడవే.

జవాబు: గొడవ మూడు చోట్ల పుడుతుంది. సర్వర్ లాగులు (సర్వర్ తనంతట తనే రాసుకునే నమోదులు) చాలాచోట్ల యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మీ గోడ గడియారం ఐదున్నర గంటలు ముందుంటుంది, క్లయింటు గడియారం వేరు. లాగులో 21:40 అని ఉంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 3:10. అంటే టైమే కాదు, తేదీ కూడా మారిపోయింది. న్యూయార్క్‌లో వేసవిలో అదే క్షణం సాయంత్రం 5:40, చలికాలంలో 4:40. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. మనం ఏడాది పొడుగునా కదలం. అందుకే ఏప్రిల్‌లో చేసుకున్న టెంప్లేటు డిసెంబరులో గంట తప్పుతుంది.

రిపోర్టు మొత్తానికి ఒకే టైమ్ జోన్ పెట్టుకోండి, అది ఏదో పైనే ఒకసారి రాయండి. 24 గంటల లెక్క వాడండి. "రాత్రి 12" అంటే ఏ తేదీ రాత్రో ఎవరికీ తెలీదు. 23:59 అనో 00:01 అనో రాస్తే తగువు లేదు. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా వాళ్లకు మార్చి 4. అంకెల సంగతీ అంతే. 1,50,000 అని మన కామాలతో రాస్తే అక్కడ కళ్లు చిట్లిస్తారు, లక్ష అంటే అర్థమే కాదు. క్లయింటుకు పోయేదాంట్లో 150,000 అనే రాయండి.

టైమ్‌లైన్‌లో నాలుగు సమయాలు విడివిడిగా ఉండాలి: సమస్య మొదలైనది, మనకు తెలిసింది, తాత్కాలికంగా సర్దింది, పూర్తిగా కోలుకున్నది. మొదటి రెండిటినీ కలిపేయడం అందరూ చేసే తప్పు. 03:10కి ఆగింది, అలర్ట్ 03:45కి వచ్చింది అంటే ఆ 35 నిమిషాలు వేరే సమస్య. దాన్ని మీరు దాచినా క్లయింటు దగ్గర తన లాగులు ఉంటాయి.

కారణం పొద్దున్నకల్లా దొరక్కపోతే "కారణం ఇంకా తేలలేదు, డిస్క్ నిండలేదని, రాత్రి రిలీజ్ ఏమీ లేదని చూశాం, తదుపరి సమాచారం ఈరోజు 18:00కి" అని రాయండి. ఊహించి "నెట్‌వర్క్ ఇష్యూ" అని రాసి, సాయంత్రం మాట మార్చుకోవడం కన్నా ఇది వంద రెట్లు నయం. మేం అడిగితే ఏ నెట్‌వర్క్ ఇంజినీరైనా ఒప్పుకుంటాడు, తేలని ప్రతి సమస్యకూ తాత్కాలిక చిరునామా నెట్‌వర్కే.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఫెసిలిటీ సూపర్‌వైజర్‌ని. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రోజూ అన్నీ పెడుతూనే ఉన్నాను. అయినా నెలాఖరున "ట్యాంకర్లకు ఇంత బిల్లేంటి, చెప్పనేలేదు" అంటారు.

జవాబు: వాట్సాప్‌లో పెట్టింది కబురు, రిపోర్టు కాదు. "గుడ్ మార్నింగ్" పూల కింద మీ ట్యాంకర్ లెక్క కొట్టుకుపోతుంది. పైగా పంపిన మెసేజిని 15 నిమిషాల్లోపు దిద్దే వీలుంది కాబట్టి రేపు ఎవరైనా దాన్ని ప్రశ్నించొచ్చు. అర్జెంటు కబురు అక్కడే పెట్టండి, తప్పులేదు. వారానికొకసారి మాత్రం ఒక పేజీ ఈమెయిల్ సెక్రటరీకి, ట్రెజరర్‌కి పంపండి.

మొదటి వాక్యం ఇలా ఉండొచ్చు: "ఈ వారం 12,000 లీటర్ల ట్యాంకర్లు 26 వచ్చాయి, గత వారం 19. కారణం: 2వ బోరు మోటారు మంగళవారం నుంచి ఆగింది." ఇక్కడ పోలికే ప్రాణం. 26 అన్న అంకె ఒక్కటే ఉంటే ఎక్కువో తక్కువో ఎవరికీ తెలీదు. 7 ట్యాంకర్లు ఎక్కువ అంటే 84,000 లీటర్లు. ఆ పక్కనే మోటారు రీవైండింగ్ కొటేషన్ పెడితే కమిటీ వాళ్లు మిమ్మల్ని తిట్టరు, మోటారు గురించి మాట్లాడతారు.

ట్యాంకర్ నిండుగా వచ్చిందా అన్నదీ రాయండి, కొలిచి రాయండి. సంపు నేల కొలత 5 మీటర్లు ఇంటూ 4 మీటర్లు అనుకుందాం. నీళ్లు ఒక సెంటీమీటరు పెరిగితే 200 లీటర్లు. 12,000 లీటర్లకు 60 సెంటీమీటర్లు పెరగాలి. గుర్తులు గీసిన కర్ర ముంచి, దించకముందు ఒకసారి, దించాక ఒకసారి చూడండి. 54 మాత్రమే పెరిగితే వచ్చింది 10,800. కాకపోతే ఆ కాసేపూ పైట్యాంకుకు ఎక్కించే మోటారు ఆపాలి, సంపులో పడే కావేరి కనెక్షన్ వాల్వూ కట్టాలి. లేదంటే ఒకపక్క పోస్తుండగా ఇంకోపక్క లాగుతుంటుంది, మీ లెక్కను ట్యాంకర్ డ్రైవరే తప్పుపడతాడు.

ఫొటోలు జతచేసేటప్పుడు ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, తీసిన సమయం, చోటు వివరాలు అందులోంచి పోతాయి. మీటర్ రీడింగు అంకెలు మసకబారేది కూడా అందుకే. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా ఈమెయిల్‌కు జతచేయండి. ఫొటో కింద ఒక లైను తప్పనిసరి: ఏ మీటరు, ఏ తేదీ, ఎన్ని గంటలకు.

ప్రశ్న: మారతహళ్లిలో టెస్ట్ లీడ్‌ని. ప్రతి శుక్రవారం స్టేటస్ రిపోర్ట్. మూడు వారాలుగా "90 శాతం పూర్తి" అనే రాస్తున్నాం. అబద్ధం కాదు, కానీ మేనేజరుకు నమ్మకం పోయింది.

జవాబు: పోక ఏం చేస్తుంది మేడమ్? శాతం అనేది కొలత కాదు, అంచనా. మిగిలిన ఆ 10లోనే కష్టమైనవన్నీ ఉంటాయి. శాతం మానేసి లెక్క రాయండి: "మొత్తం 14 స్క్రీన్లు. టెస్ట్ అయి మూసినవి 9, టెస్ట్‌లో ఉన్నవి 3, డెవలపర్ దగ్గరున్నవి 2. గత శుక్రవారం మూసినవి 8." ఇలా రాస్తే వారంలో ఒక్కటే కదిలిందని మీకే ముందు కనబడుతుంది.

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు పెట్టే అలవాటుంటే, ఏది ఎప్పుడు ఎరుపు అవుతుందో ముందే రాసిపెట్టుకోండి. ఉదాహరణకు రిలీజ్ తేదీ 3 పనిదినాల కన్నా ఎక్కువ జరిగేలా ఉంటే ఎరుపు. ఆ రూలు లేకపోతే ఆకుపచ్చ అనేది మొహమాటం రంగు అవుతుంది, రిలీజ్ వారం దాకా మేడిపండులా మెరుస్తుంది. చెడు వార్త మూడో పేరాలో పెట్టి, మొదట టీమ్ కష్టాన్ని పొగిడే పద్ధతి కూడా వదలండి. ఆగిపోయిన పని పైన, దానికి ఎవరి నుంచి ఏం కావాలో పక్కన, ఏ తేదీలోపో ఆ పక్కన.

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా, బొమ్మసంద్రలో మెయింటెనెన్స్‌లో ఉన్నాను. పని బాగానే వచ్చు. ఇంగ్లిష్‌లో రాయాలంటేనే చెమటలు. సీనియర్ల మెయిళ్లు చూసి "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని ముగిస్తుంటాను. సరైనదేనా?

జవాబు: తప్పు కాదు, కానీ ఏమీ చెప్పదు. ఆ "నీడ్‌ఫుల్" ఏమిటో మీకు తెలుసు, చదివేవాళ్లకు తెలీదు. "ప్లీజ్ అప్రూవ్ ద బేరింగ్ పర్చేజ్ బై థర్స్‌డే" అంటే పని జరుగుతుంది. "విల్ రివర్ట్ బై ఈవినింగ్" అని కూడా రాసేస్తుంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు రివర్ట్ అంటే చేసిన మార్పును వెనక్కి తీసేయడం, వాళ్ల గుండె ఆగుతుంది. "విల్ రిప్లై" చాలు.

అసలు చిక్కు ఇంగ్లిష్ పదాల్లో లేదు. తెలుగు మనకు రెండు సౌకర్యాలిస్తుంది, ఇంగ్లిష్‌లోకి వెళ్లగానే అవి జారిపోతాయి. ఒకటి, కర్తను వదిలేయడం. "ఫోన్ చేశాం, వచ్చి చూస్తామన్నారు" అంటే క్రియాపదమే చెప్పేస్తుంది చేసింది మనం, అన్నది వాళ్లు అని. దాన్నే "కాల్డ్, సెడ్ విల్ కమ్" అని రాస్తే ఎవరు ఎవరికి చేశారో దేవుడికే తెలియాలి. ప్రతి వాక్యం మొదట్లో మనిషినో, విభాగాన్నో పెట్టండి: మేం, వెండరు, ఎలక్ట్రికల్ టీమ్. ఒకే మాట పదిసార్లు వచ్చినా ఫరవాలేదు, ఇది కవిత్వం కాదు.

రెండోది మన "ట". "మోటారు వైండింగ్ కాలిపోయిందట" అన్నామంటే చూడలేదు, విన్నాం అని ఆ ఒక్క అక్షరమే చెబుతుంది. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు అది ఎగిరిపోయి "మోటార్ వైండింగ్ బర్న్ట్" అని మిగులుతుంది. అది ఇప్పుడు మీరు కళ్లారా చూసి, సంతకం పెట్టిన వాస్తవం. తీరా మోటారు విప్పితే వైండింగ్ బాగానే ఉండి, బేరింగ్ పట్టేసి ఉంటుంది, మీ మీద పడతారు. అందుకే తెలుగులో మనసులో అనుకున్నప్పుడు ఎక్కడ "ట" వస్తే అక్కడ ఇంగ్లిష్‌లో ఎవరు చెప్పారో రాయండి: "అకార్డింగ్ టు ద ఎలక్ట్రీషియన్". మీరే కొలిస్తే దేంతో కొలిచారో, ఎంతొచ్చిందో రాయండి. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే పరికరం) పెట్టి చూశాం అన్న మాటకు ఉన్న బరువు "కాలిన వాసన వచ్చింది"కి ఉండదు. కానీ వాసన వచ్చింది నిజమైతే అదీ రాయొచ్చు, వాసనగానే.

ప్రశ్న: లేబుల్ ప్రింటర్ కొనమని మూడుసార్లు రాశాను. "చాలా అవసరం" అని అండర్‌లైన్ కూడా చేశాను. జవాబు లేదు. (కేఆర్ పురం నుంచి ఓ పాఠకుడు)

జవాబు: అండర్‌లైన్ తీసేసి లెక్క పెట్టండి. ఉదాహరణకు బయట వేయిస్తే లేబుల్ 1.60 రూపాయలు, మన దగ్గర వేసుకుంటే 0.70. నెలకు 6,000 లేబుళ్లయితే మిగిలేది 5,400. అందులో మెయింటెనెన్స్ నెలకు 500 తీసేస్తే 4,900. ప్రింటర్ 38,000 అయితే దాదాపు 8 నెలల్లో ఖర్చు తిరిగొస్తుంది. రిబ్బన్, రోలు ధర ఆ 0.70లో కలిసే ఉందని కూడా రాయాలి, అకౌంట్స్ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. కొనకపోతే ఏమవుతుందో ఒక వాక్యం, ఇంకో కంపెనీ కొటేషన్ ఒకటి జత. పేజీ దాటొద్దు.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకరి ప్రవర్తన ఇబ్బందిగా, అసభ్యంగా ఉంది. మేనేజరుకు మామూలు రిపోర్టులా రాసి, టీమ్ లీడ్‌కు సీసీ పెట్టనా? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. ఇది మామూలు రిపోర్టులో చెప్పే విషయం కాదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. రాతపూర్వక ఫిర్యాదు దానికే ఇవ్వండి. జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. వరసగా జరుగుతుంటే చివరి సంఘటన నుంచి మూడు నెలలు. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఫిర్యాదు, ఆధారాలు, సాక్షుల పేర్లతో ఆరు ప్రతులు ఇవ్వాలని నిబంధన. ఈ వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా చట్టమే చెబుతోంది, కాబట్టి సీసీలో ఎవరినీ పెట్టకండి. రాసే పద్ధతి మాత్రం పైన చెప్పినదే: తేదీ, సమయం, చోటు, అన్న మాటలు అన్నట్టుగా, అక్కడ ఇంకెవరున్నారో.

ప్రశ్న: రిపోర్టు పంపేశాక అందులో అంకె తప్పని కనబడింది. ఎవరూ చూసినట్టు లేదు. ఫోల్డర్‌లో ఫైలు మార్చేస్తే పోదా?

జవాబు: పోదు. పాతది ఈపాటికి ఎవరో ఒకరు డౌన్‌లోడ్ చేసుకునే ఉంటారు, మీటింగులో ఇద్దరి దగ్గర రెండు అంకెలుంటాయి. అదే మెయిల్‌కు రిప్లై-ఆల్ కొట్టి, సబ్జెక్ట్ ముందు "సవరణ" అని చేర్చండి. ఏ పేజీ, ఏ లైను, పాత అంకె ఎంత, కొత్త అంకె ఎంత, దాని వల్ల మీరు అడిగిన నిర్ణయం మారుతుందా లేదా. నాలుగు లైన్లు. పొరపాటు ఎలా జరిగిందో అర పేజీ సంజాయిషీ అక్కర్లేదు, అడిగితే చెప్పొచ్చు. కొత్త ఫైలు పేరులో "ఫైనల్" అని మాత్రం పెట్టకండి, తేదీ పెట్టండి. ఫైనల్ అన్నదాని తర్వాత ఫైనల్-2 రాని ఆఫీసు బెంగళూరులో ఇంకా తెరవలేదు.